మా మామ గోళ్ళలో నీలం

వెయ్యిమందిని చంపినవాడు అర వైద్యుడని సామెత. ఒక్కరినీ చంపకముందే నేను పూర్తి వైద్యుడినైపోయానని నమ్మిన రోజులవి. నమ్మినవాడిని నమ్మినట్టు ఊరుకున్నానా అంటే అదీ లేదు. బతుకమ్మ పండుగ పూట సిద్దిపేటలో బండరాయిలాంటి మనిషిని మంచాన పడేశాను. ఆ ఇంట్లో పొయ్యి ఆర్పించాను. ఒక అంబాసిడర్ కారును హైదరాబాదుదాకా పరుగెత్తించాను. నలుగురిలో దాచుకున్న ఒక పెద్దమనిషి పరువును గజ్వేల్ కూరగాయల మండీలో పరిచి పెట్టించాను. ఇంత విధ్వంసానికి నేను వాడిన ఆయుధం కత్తి కాదు, సూదీ కాదు. ఒకే ఒక్క చూపు. అది పడింది ఒక వేలి గోరు మీద.

అందరూ కత్తి పట్టే చదువుకు ఎగబడుతుంటే మీరు జనరల్ మెడిసిన్ ఎందుకు తీసుకున్నారని కుర్ర విద్యార్థులు ఇప్పటికీ అడుగుతుంటారు. కోయకుండా, కుట్టకుండా, మనిషి లోపలి జబ్బును కనిపెట్టి మందిచ్చే చదువు అది. సభలో ఎవరైనా ఆ ప్రశ్న వేస్తే సేవ, మానవత్వం అని రెండు బరువైన మాటలు చెప్పి మంచినీళ్ళు తాగి కూర్చుంటాను. అసలు సంగతి చెబితే సభ నవ్వుతుంది. మీరు ఎలాగూ నవ్వడానికే కూర్చున్నారు కాబట్టి మీ దగ్గర దాపరికం ఎందుకు?

ఎనభైల చివరి మాట. హైదరాబాదులో ఎంబీబీఎస్ మూడో ఏడు చదువుతున్నాను. సెలవులకు సిద్దిపేట బస్సెక్కితే బట్టలు సంచిలో, స్టెతస్కోపు మాత్రం మెడలో ఉండేది. దాన్ని సంచిలో పెడితే నలుగుతుందని నా వాదన. రబ్బరు గొట్టం ఎలా నలుగుతుందని ఎవరూ అడగలేదు. గజ్వేల్ దాటేలోపు కండక్టరు నడుం నొప్పికీ, ముందు సీటు ముసలాయన మోకాళ్ళకూ సలహాలు ఇచ్చేసేవాడిని. ఆ సలహాలు పాటించినవాళ్ళు ఎవరైనా ఈ రచన చదువుతుంటే నన్ను క్షమించాలి.

అప్పట్లో నా దేవుడు గుండె ఆపరేషన్లు చేసే మా ప్రొఫెసరు. ఆయన నడిచి వస్తుంటే వరండా పక్కకు జరిగేది. మెడిసిన్ డిపార్టుమెంటు వాళ్ళకు మేం పెట్టుకున్న పేరు ముచ్చట్ల డాక్టర్లు. ఆ విభాగానికి పెద్ద ఒక మేడం. రోగి పక్కన స్టూలు వేసుకుని, ఏం తిన్నావు, ఏం పని చేస్తావు, తాగేది బావి నీళ్ళా నల్లా నీళ్ళా అని పిల్లను చూడటానికి వచ్చిన పెళ్ళిపెద్దలా ఆరా తీసేది. మేం వెనక వరసలో నిలబడి ఆవులించేవాళ్ళం. వీళ్ళందరినీ అడుక్కుంటూ కూర్చుంటే కోసేదెప్పుడని నా బాధ.

ఇక ఈ కథకు బలైన మనిషి మా మల్లేశం మామ. మా అవ్వకు, అంటే మా అమ్మకు, అన్న. సిద్దిపేట బజారులో స్టీలు సామాన్ల దుకాణం. ఆరు బిందెలు ఒకదానిలో ఒకటి పెట్టి ఒంటిచేత్తో అటక మీదికి అందించగలడు. ఆయన తుమ్మితే షాపులో పళ్ళాలు మోగేవి. అలాంటి మనిషి ఆ ఏడు వేసవిలో ఒక్కగానొక్క కూతురు సుజాత పెళ్ళి చేసి జగదేవ్‌పూర్‌కు ఇచ్చాడు. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి బతుకమ్మ కాబట్టి సుజాత పుట్టింట్లో ఉంది. మా ఇళ్ళ మధ్య రెండు వీధులే దూరం. మా అవ్వ మొక్కజొన్నలు రుబ్బి మక్కగారెలు చేసి, మామ ఇంట్లో ఇచ్చి రమ్మని గిన్నె చేతికిచ్చింది. గిన్నెతోపాటు స్టెతస్కోపు కూడా వచ్చింది, చెప్పక్కర్లేదు కదా.

ఆ ఇంట్లో అడుగు పెట్టగానే ఏదో తేడాగా తోచింది. వెనక గదిలోకి పోబోతే అత్త అడ్డం వచ్చి, గాడికి ఎవ్వరూ పోవద్దు బిడ్డా అంది. మామ పెరట్లో చేతులు కడుక్కుని వచ్చి, నన్ను చూడగానే రెండు చేతులూ లుంగీలో దాచుకున్నాడు. గారెల వాసనకు ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఆ చేతి గోళ్ళు నీలంగా ఉన్నాయి.

మామూలు నీలం కాదు. వాన ముందు మబ్బుకు వచ్చే నీలం.

నా తలలో పాఠ్యపుస్తకం దానంతటదే తెరుచుకుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే గోళ్ళు నీలం తిరుగుతాయి. దానికి సయనోసిస్ అని పేరు. గుండె జబ్బుకు గుర్తు. చెయ్యి పట్టుకు చూశాను, చల్లగా ఉంది. ఇప్పుడే చన్నీళ్ళతో కడుక్కున్న చెయ్యి చల్లగాక ఇంకెలా ఉంటుందని ఈ రోజు నేను అంటాను, ఆ రోజు అనలేదు. నాలుక కూడా చూడాలని పుస్తకంలో ఉంది. చూశాను. పాన్ నమిలి నాలుక ఎర్రగా పండి ఉంది. నీలం ఆ ఎరుపు కింద దాక్కుందని తీర్మానించాను.

"మామా, మెట్లెక్కితే ఆయాసం వస్తదా?"

"బిందెలు మోసుకుంట ఎక్కితే రాదా మరి? నీకు రాదా?"

"రాత్రి నిద్ర పడ్తదా?"

"యాడ పడ్తది. బిడ్డ వచ్చిన కాంచి తల్లీబిడ్డలు తెల్లందాక ముచ్చట్లే."

ఆయాసం ఉంది, నిద్రలేమి ఉంది. నా మనసులో రెండు టిక్కులు పడ్డాయి. స్టెతస్కోపు గుండెకు ఆనించాను. లబ్ డబ్ మధ్యలో గరగర వినిపించింది. గుండె కవాటం చెడితే వచ్చే చప్పుడిదే అనుకున్నాను. పెరట్లో పనిమనిషి గుండిగ తోముతున్నదని నా చెవులకు తెలుసు, నాకు తెలియదు.

"ఏంది అల్లుడా, గట్ల చూస్తున్నవ్? గారెల ఏమన్న తక్కువైందా?"

"మామా, నువ్వు ఇగ నడవద్దు. పోయి పండుకో."

"ఎందుకురా?"

"చెప్తే నీకు సమజ్ కాదు."

పాఠకులు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. నా జీవితంలో నేను పలికిన మాటల్లో ఇంత ఖరీదైన మాట ఇంకొకటి లేదు. నేను చూసింది గోరు అని ఒక్క ముక్క చెప్పి ఉంటే కథ అక్కడే కంచికి పోయేది. చెప్పలేదు. అత్త వచ్చి ఏం కనిపించిందని అడిగింది. గుండెకు సంబంధించింది, ఆపరేషన్ పడొచ్చు అన్నాను. ఎట్ల తెలిసిందని అడిగింది. అది మా చదువుల ఉంటది అన్నాను. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. మామ కోరింది ఇంకో రెండు గారెలు. నేనిచ్చింది చావు కబురు.

మంచం ఎక్కిన గంటలో మామకు నిజంగానే జబ్బు వచ్చింది. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, కళ్ళ ముందు మిణుగురులు. ఏ లక్షణం ఉందా అని నేను అడిగితే ఆ లక్షణం ఉందనేవాడు. పుస్తకంలో ఒక్కటీ వదలకుండా కలుస్తున్నందుకు నేను లోలోపల పొంగిపోయాను. వీధి వీధంతా పరామర్శకు దిగింది. వచ్చినవాళ్ళు ఊరికే పోలేదు, తమ తమ చుట్టాల్లో గుండె ఆగిపోయినవాళ్ళ వృత్తాంతాలు ఒక్కొక్కటీ మామ చెవిన వేసి పోయారు. మంచం చుట్టూ జాగ లేక కొందరు వెనక గదిలో, పెరట్లో సర్దుకున్నారు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని మూల కూర్చుంది. మన దగ్గరి దవాఖానలోనే చూపిద్దామని మా అవ్వ అంటే, ఇది హైదరాబాద్ కేసు అని నేను గొంతు తగ్గించి చెప్పాను. గొంతు ఎంత తగ్గిస్తే అంత పెద్ద డాక్టరని నా అభిప్రాయం.

నన్ను నమ్మనిది సుజాత ఒక్కతే. మరదలు కదా, చిన్నప్పటి నుంచీ నా లోతు తెలిసిన మనిషి.

"బావా, నీకు పరీక్షల ఎన్ని మార్కులొచ్చినయో నిజం చెప్పు."

"గిది నవ్వులాట కాదు సుజాతా."

"నేను నవ్వుతలేను. ఎల్లుండే సద్దుల బతుకమ్మ. ఏటేటా పేర్చేది నాయిన. ఆయన మంచంల ఉంటే నేను ఆడనే ఆడ. మొదటి బతుకమ్మ ఆడకుండ అత్తగారింటికి పోతే జగదేవ్‌పూర్ల నాకు తల లేస్తదా చెప్పు."

తండ్రికి ఏమైనా అవుతుందేమోనన్న భయాన్ని పండుగ మీద పెట్టి చెబుతోందని నాకు ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు మాత్రం, అజ్ఞానులకు వివరించడం వైద్యుడి పని కాదనుకుని కారు మాట్లాడటానికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. వెనక సీట్లో అత్త ఒడిలో తల పెట్టుకుని మామ, ముందు సీట్లో డ్రైవరు పక్కన నేను. దారి పొడుగునా నేను వెనక్కి తిరిగి నాడి పట్టుకోవడం, మామ నా ముఖంలోకి చూడటం, నేను ఏమీ చెప్పకుండా ముందుకు తిరగడం. మనిషిని భయపెట్టడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఈనాటికీ ఎవరూ కనిపెట్టలేదు.

గజ్వేల్ వస్తుండగా మామ లేచి కూర్చుని, కారును మండీ దగ్గర ఆపమన్నాడు. అత్త ముఖం మారిపోయింది. ఎందుకో చెప్పాలి. అక్కడ కూరగాయల వ్యాపారం చేసే సత్తెయ్య అత్తకు తోడబుట్టినవాడు. సుజాత పెళ్ళిలో మామ పెట్టిన సామాను వరసగా పేర్చి ఉంటే, ఈ సత్తెయ్య నలుగురి ముందు ఒక బిందెను వేలితో టంగుమని కొట్టి, ఇది స్టీలు కాదు, రేకు అన్నాడు. స్టీలు సామాన్ల వ్యాపారిని ఆ మాట అనడం కంటే తలలో మేకు కొట్టడం మేలు. అప్పటినుంచి బావాబామ్మర్దులకు మాటల్లేవు. ఈసారి పండుగకు తమ్ముడు రాడని అత్త చాటుగా ఏడుస్తూనే ఉంది.

సత్తెయ్య తక్కెడ పట్టుకుని ఉన్నాడు. కారులో అక్కను చూసి, పక్కన వాలిపోయిన బావను చూసి, తక్కెడ వదిలేసి వచ్చాడు.

"సత్తెయ్యా, నేను పోతున్న" అన్నాడు మామ.

"యాడికి బావా?"

"యాడికో. అల్లుడు చెప్తలేడు." మామ కిటికీలోంచి సత్తెయ్య చెయ్యి పట్టుకున్నాడు. "పోయేటోడు అబద్ధం మోసుకపోవద్దు. నువ్వన్నదే నిజం. బిడ్డకు పెట్టిన బిందెలు పల్చటియే. మందంయి చెప్పి పెట్టిన, లారీ రాలే. దుకాణంల ఉన్నయి పెట్టి, గట్టియే అని ఒట్టేసి చెప్పిన."

మండీలో నలుగురైదుగురు ఆగి వింటున్నారు. సత్తెయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"బిందెలకేంది బావా, నువ్వుండాలె. జరుగు, నేనొస్త."

దవాఖానకు ఉత్తచేతులతో పోకూడదని ఒక గంప బీరకాయలు ఒడిలో పెట్టుకుని ఎక్కాడు. అక్కడినుంచి హైదరాబాదుదాకా నలుగురూ నాలుగు రకాలుగా కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ నలుగురిలో డ్రైవరు కూడా ఉన్నాడు.

ఆస్పత్రిలో నా దేవుడు లేడు. పండుగకు ఊరికి పోయాడు. గుండె విభాగంలో ఉన్న ఆయన మమ్మల్ని చూసి, ముందు మెడిసిన్ వాళ్ళకు చూపించి రమ్మన్నాడు. ముచ్చట్ల డాక్టర్ల దగ్గరికి! ఇంత పెద్ద చేప పట్టుకొచ్చి చింతపండు కొట్టులో దింపినట్టయింది నాకు.

మేడం వార్డులోనే ఉంది. కేసు చెప్పమంది. నేను ఛాతీ విరిచి ఇంగ్లీషులో అందుకున్నాను. గోళ్ళ నీలం, ఆయాసం, గుండెలో అదనపు చప్పుడు, కాబట్టి ఫలానా కవాటం, కాబట్టి ఫలానా ఆపరేషన్. వెనక నా తోటి విద్యార్థులు ఇద్దరు ముగ్గురు చేరారు. ఇంకా ఎక్కువమంది వస్తే బాగుండనుకున్నాను. మేడం అంతా విని నెమ్మదిగా అడగటం మొదలుపెట్టింది. ఆయన ఏం పని చేస్తారు? వ్యాపారం మేడం. ఈ నీలం ఎప్పటినుంచి ఉంది? అడగలేదు మేడం. నువ్వు చూడకముందు ఆ పొద్దున ఆయన ఏం చేస్తున్నారు? అడగలేదు మేడం. గోళ్ళు నీలంగా ఉన్నాయన్న సంగతి ఆయనకు చెప్పావా? లేదు మేడం. పోనీ, ఆయన్ని ఏదైనా అడిగావా?

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంకెవరూ రాకపోతే బాగుండనుకున్నాను.

మేడం స్టూలు లాక్కుని మామ పక్కన కూర్చుంది. జబ్బు మాట ఎత్తలేదు. దుకాణం ఎప్పుడు పెట్టారు, పిల్లలెంతమంది, అల్లుడు ఎలాంటివాడు, పండుగ పూట ఊళ్ళో ఉండకుండా ఇక్కడికి రావలసి వచ్చిందే పాపం, ఇలా సాగింది. నిన్నటినుంచి అందరూ మామ గురించి మాట్లాడుతున్నారే కానీ మామతో ఎవరూ మాట్లాడలేదు. రెండు మాటలకు ఆయన దిండు మీంచి లేచాడు. నాలుగు మాటలకు చేతులు ఊపడం మొదలుపెట్టాడు. అప్పుడు మేడం ఆ చెయ్యి పట్టుకుంది.

"ఈ నీలం ఎక్కడిదండీ?"

మామ చేతులు రెండూ దుప్పటి కింద దూరిపోయాయి. తలుపు వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు.

"మేడం, మీది సిద్దిపేట అయితే కాదు గద?"

"కాదు."

"గాడ చుట్టాలెవరన్న ఉన్నరా?"

"ఎవరూ లేరు. చెప్పండి."

మామ ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "గునుగు పువ్వు ఉంటది గద మేడం, బతుకమ్మల పేర్చేది. తెల్లగుంటది. కట్టలు కట్టి రంగుల ముంచుతం. మా వాడల అందరు గులాబీ, పచ్చ అద్దుతరు. ఈయేడు నా బిడ్డ మొదటి బతుకమ్మ అని నేను నీలం అద్దిన. పువ్వులు వెనక అర్రల దాచినం. ఎదురింటోళ్ళకు ముందుగాలనే తెలిస్తె వాళ్ళు గూడ గదే అద్దుతరని చేతులు గాసునూనెతోని రుద్ది రుద్ది కడిగిన. గోళ్ళల్ల జెర మిగిలింది. యాడ చెప్పకుండ్రి."

మేడం నర్సు వైపు చూసింది. స్పిరిట్‌లో తడిపిన దూది వచ్చింది. మామ బొటనవేలి గోరు మీద రెండుసార్లు రుద్దింది. దూది నీలమైంది. ఆ దూదిని తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారంటారే, ఆ సామెత అరచేతిలో పట్టుకుని నిలబడ్డవాడిని ఈ భూమ్మీద నేనొక్కడినే అయి ఉంటాను.

మామకు సంగతి ఎక్కడానికి కొంచెం సమయం పట్టింది. దూదిని చూశాడు, నన్ను చూశాడు.

"గిది చూసేనారా నువ్వు నన్ను మంచంల ఏసింది? నోరు తెరిచి అడిగితే చెప్పకపోదునా అల్లుడా."

వరండాలోంచి కూడా నవ్వులు వినిపించాయి. మేడం మాత్రం నవ్వలేదు. మామ గుండె తీరిగ్గా విని, ఈసీజీ తీయించి, కాగితం అటూ ఇటూ తిప్పి చూసి అత్తకు చెప్పింది. "ఈయన గుండె చాలా గట్టిగా ఉందమ్మా. ఈ అబ్బాయి చెవులే ఒకసారి ఎవరికైనా చూపించండి."

అత్త అక్కడే కూర్చుండిపోయి ఏడ్చేసింది. ఈసారి ఏడుపు వేరు. అత్త కొంగుతో ముఖం తుడుచుకుంటుంటే, ఒడిలో బీరకాయల గంపతో కూర్చున్న సత్తెయ్య మెల్లగా నోరు విప్పాడు.

"బావా, గుండె గట్టిదేనట. బిందెలే పల్చన."

మామ ముఖంలో అంతవరకూ పొంగిన సంతోషం, పొయ్యి మీది పాలలో నీళ్ళు చిలకరించినట్టు దిగిపోయింది. మండీలో నలుగురి ముందు తాను అన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తుకొస్తున్నట్టు కళ్ళు పెద్దవయ్యాయి. మేడం వైపు వంగి బతిమాలాడు.

"మేడం, ఇంకొక్కసారి చూడుండ్రి. చిన్నదన్న ఏదన్న జబ్బు ఉంటే రాయుండ్రి. ఏం లేకుంటే వీనికి మొహమెట్ల చూపియ్యాలె?"

అప్పుడు నవ్వింది మేడం. స్టూలు మీద నిలవలేక మంచం పట్టుకుని నవ్వింది.

తిరుగు ప్రయాణంలో సత్తెయ్య గజ్వేల్‌లో దిగలేదు. బావ ప్రాణం దక్కిందన్న ఆనందంలో సిద్దిపేటదాకా వచ్చాడు. చావబోయేవాడి మాటను వాపసు తీసుకోవడానికి మామ చాలా ప్రయత్నించాడు. జ్వరంలో అన్నానన్నాడు. జ్వరం ఎప్పుడుంది బావా, నీకు జబ్బే లేదు గద అన్నాడు సత్తెయ్య. అల్లుడు అనిపించాడన్నాడు. నేను కిటికీలోంచి పొలాలు చూశాను. చివరికి అత్తే తీర్పు చెప్పింది. బిందెలు పల్చనివైతే మార్చాలె, మాట పట్టుకొని గుంజుడు ఎందుకు అంది. పండుగ అయ్యాక మందపాటి బిందెలు జగదేవ్‌పూర్ పోయాయి. వాటిని బస్సు టాపు మీదికెక్కించి, అక్కడ దింపి, సుజాత అత్తగారింటిదాకా నెత్తిన మోసినవాడు ఎవరో వేరే చెప్పాలా? మెట్లెక్కితే ఆయాసం వస్తదా బావా అని సుజాత నా వెనకే నడుస్తూ అడిగింది.

పండుగ చివరి రోజైన సద్దుల నాడు మామ తెల్లవారుజామునే లేచి, సత్తెయ్యను పక్కన కూర్చోబెట్టుకుని బతుకమ్మ పేర్చాడు. నడుమెత్తు బతుకమ్మ. కింద తంగేడు పసుపు, దాని మీద వరసలు వరసలుగా నీలం. సాయంత్రం సుజాత కొత్త చీర కట్టుకుని వాకిట్లోకి ఎత్తుకొచ్చింది. వీధి మొత్తం ఆ నీలాన్ని చూసి నివ్వెరపోవాలి. మామ మీసం మీద చెయ్యి వేసుకుని గడప మీద నిలబడ్డాడు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. వాళ్ళ బతుకమ్మ బయటికి వచ్చింది. అదీ నీలమే. ఆ పక్కింటిదీ నీలమే. మూలమీద ఇంటివాళ్ళయితే నీలంలో రెండు రకాలు అద్దారు.

మామ చెయ్యి మీసం మీంచి కిందికి జారింది. నాకు మాత్రం సంగతి వెలిగింది. పరామర్శకని వచ్చి, మంచం చుట్టూ చోటు చాలక వెనక గదిలో సర్దుకున్నవాళ్ళు తీరిగ్గా అన్నీ చూసి పోయారు. మామ మెల్లగా నా వైపు తిరిగాడు.

"గుండె అన్నవ్, ఓర్చుకున్న. బిందెల ముచ్చట బయటపెట్టించినవ్, ఓర్చుకున్న. గిది మాత్రం నేను ఓర్వ అల్లుడా."

కానీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోక తప్పలేదు, ఆడవాళ్ళు అప్పటికే చప్పట్లు అందుకున్నారు. వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నీలం బతుకమ్మల చుట్టూ తిరుగుతున్నారు. మధ్యలో సుజాత, పక్కన అత్త. తండ్రి గడప మీద నిలువెత్తున నిలబడి ఉన్నాడో లేడో అని ప్రతి చుట్టుకూ ఒకసారి తల తిప్పి చూసుకుంటోంది సుజాత. చూసి నవ్వుతోంది. కాసేపటికి మామ కూడా కాలితో తాళం వేస్తూ, సత్తెయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ సాయంత్రం నాకొకటి అర్థమైంది. నా కత్తి దేవుడు ఊళ్ళో ఉండి ఉంటే, ఆయన కూడా మామ ఛాతీ ఎక్స్‌రే తీయించి దాన్నే చూసేవాడు. మేడం మాత్రం మామను చూసింది. ఒక స్టూలు, ఒక అరగంట, ఒక ప్రశ్న. ఇంత తక్కువ సామానుతో మనిషిని మంచం మీంచి లేపే విద్య ఉండగా కత్తి వెంట పడటమెందుకు?

సెలవులయ్యాక వార్డులో నేను మొదటి వరసకు మారాను. తర్వాత పీజీలో జనరల్ మెడిసిన్ తీసుకున్నాను. ఎందుకు తీసుకుంటున్నావని మేడమే అడిగింది. రాత్రంతా కంఠస్థం చేసిన జవాబు ఒకటి గొంతులో సిద్ధంగా ఉంది. మేడం ముఖం చూశాక అది రాలేదు. చెవులు బాగు చేసుకుందామని మేడం అన్నాను. మేడం నా కాగితం మీద సంతకం పెట్టింది.

చదువు ముగించి సిద్దిపేటలోనే దవాఖాన తెరిచాను. మొదటిరోజు మొదటి రోగి మల్లేశం మామ. ఏమైంది మామా అని అడిగాను. చిన్న దగ్గు. అంతే సంగతి. కానీ మామ కుర్చీలో సర్దుకుని, మొన్న పొద్దుగాల తాను నిద్ర లేచిన దగ్గరినుంచి అందుకున్నాడు. ఏ పుల్లతో పళ్ళు తోమాడో చెప్పాడు. చాయ్‌లో చక్కెర ఎక్కువైందని, అది అత్త తప్పు కాదని చెప్పాడు. దుకాణంలో ఏ గిన్నె ఏ చేత్తో ముట్టుకున్నాడో చెప్పాడు. బయట జనం తలుపు సందులోంచి తొంగి చూస్తున్నారు. నేను స్టెతస్కోపు ఎత్తబోయాను.

"ఆగు అల్లుడా. నేనింకా నిన్నటి పగటికే వచ్చిన. నడుమ ఆపినవనుకో, మల్ల గుండె అంటవ్."

అక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? మామ బయటికి పోతూ, వరసలో కూర్చున్నవాళ్ళందరికీ హెచ్చరిక చేసి పోయాడు. ఈ డాక్టరుకు అన్నీ చెప్పుండ్రి, ఒక్కటి మర్చిపోయినా కోసేస్తడు అని. ఆ మాట ఊరంతా పాకింది. సిద్దిపేటలో నా దగ్గరికి వచ్చిన రోగి ఎవరూ తలనొప్పిని తలనొప్పిగా చెప్పిన పాపాన పోలేదు. తాతల కాలంనుంచి మొదలుపెడతారు.

కాబట్టి, నిలువెత్తు మనిషిని నిలబడిన చోట రోగిని చేసిన పాపానికి, పాఠకుల సమక్షంలో, కుడిచెయ్యి ఎత్తి, మిక్కిలి గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు ఏ మనిషి గోరునూ ఆ మనిషిని అడగకుండా చూడను. చెప్పేవాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా నోరెత్తను. తర్వాత నోరెత్తినా, నీకు సమజ్ కాదు అనను. ఈ ప్రమాణం మొదట చేసింది దవాఖాన తెరిచిన నాడే. అప్పటినుంచి ఈ రోజువరకూ మధ్యాహ్నం అన్నం మధ్యాహ్నం తినలేదు.